తుపాకీ పాఠం అప్పజెప్పించుకుంటే సరిపోదు

సంపాదకులకు నమస్కారాలు.

అమెరికాలో తుపాకీ పేలి మన విద్యార్థి ఒకరు చనిపోయారనో, ఏదో దుకాణంలో కాల్పులు జరిగాయనో మీ పత్రికలో వార్త వచ్చిన ప్రతిసారీ డల్లాస్ దగ్గరున్న మా ఇంట్లో ఫోను మోగుతుంది. తెనాలి నుంచి మా తమ్ముడు, హైదరాబాదు నుంచి మా వియ్యపురాలు "మీరంతా క్షేమమే కదా" అని అడుగుతారు. క్షేమమేనని చెప్పి పిల్లల చదువుల మాటల్లో పడిపోతాం. నేను ఈ ఉత్తరం రాస్తున్నది అలా వార్తల్లోకి ఎక్కని సంగతి గురించి. ఇళ్ళలో, పడకగదుల సొరుగుల్లో ఉండే తుపాకులు పసిపిల్లల చేతికి చిక్కడం గురించి, అలా కంటపడితే ఏం చేయాలో వాళ్ళకు మనం నేర్పుతున్న తీరు గురించి. ఇది అమెరికా వాళ్ళ గొడవ, మనకెందుకులే అని మీ పాఠకులు పేజీ తిప్పేయవద్దని మనవి. మనవలను చూసుకోవడానికి ఆరేసి నెలలు ఇక్కడికి వచ్చి వెళ్ళే అమ్మమ్మలు, నాయనమ్మలు, తాతయ్యలు చదివేది మీ పత్రికే కాబట్టి మీకే రాస్తున్నాను.

నేను గుంటూరు జిల్లాలో 31 ఏళ్ళు ఒకటి, రెండు తరగతుల పిల్లలకు పాఠాలు చెప్పి పదవీ విరమణ చేశాను. తుపాకీ అంటే నాకు తెలిసిందల్లా బ్యాంకు గుమ్మం దగ్గర కాపలాదారు భుజాన వేలాడే రెండు గొట్టాల తుపాకీ, దీపావళికి పిల్లలు పేల్చే రీలు తుపాకీ. రెండేళ్ళుగా మా అమ్మాయి దగ్గర ఉంటున్నాను. మా మనవడికి ఏడేళ్ళు, రెండో తరగతి. ఇంట్లో తుపాకీ లేదు, కొనే ఆలోచన కూడా మా అల్లుడికి లేదు. అందుకే ఈ విషయం మాకు సంబంధించింది కాదని మేమూ నిశ్చింతగా ఉండేవాళ్ళం.

పోయిన ఏడాది ఒక ఆదివారం సాయంత్రం మనవాళ్ళ ఇంట్లో పుట్టినరోజు పండగకు వెళ్ళాం. పెద్దవాళ్ళం కింద భోజనాల దగ్గర ఉన్నాం, పిల్లలు మేడ మీద ఆడుకుంటున్నారు. ఇంటికి వచ్చాక వాడికి పెరుగన్నం కలిపి పెడుతుంటే, మాగాయ ముక్క చప్పరిస్తూ వాడు తనంతట తనే అన్నాడు: "అమ్మమ్మా, నిజం గన్ చాలా బరువుగా ఉంటుంది తెలుసా." ముద్ద నా చేతిలోనే ఉండిపోయింది. నల్లగా ఉంటుందని అని ఉంటే ఫోనులోనో టీవీలోనో చూశాడనుకునేదాన్ని. బరువు చూసి తెలుసుకునేది కాదు, చేత్తో ఎత్తితేనే తెలుస్తుంది. గద్దించకుండా, గొంతు మారనీయకుండా ఒక్కొక్కటే అడిగాను. ఆట పెట్టెకు ఛార్జింగు వైరు కావాలని స్నేహితుడి అమ్మానాన్నల గదిలోకి వెళ్ళారట. మంచం పక్క చిన్న బల్ల సొరుగు లాగితే కళ్ళద్దాల పెట్టె, మందుబిళ్ళలు, వాటి కింద అది. "మా డాడీది, రియల్" అన్నాడట ఆ పిల్లవాడు. ఒకరి తర్వాత ఒకరు పట్టుకుని చూసి, తిరిగి అక్కడే పెట్టేశారట. మొత్తం అంతే. ఏమీ జరగలేదు. ఆ రాత్రి మాత్రం మా ఇంట్లో ఎవరికీ నిద్ర పట్టలేదు.

నన్ను ఈ ఉత్తరం రాయించింది అది కూడా కాదు. మర్నాడు వాణ్ణి కూర్చోబెట్టి, తుపాకీ కనిపిస్తే ఏం చేయాలో బడిలో ఎవరైనా చెప్పారా అని అడిగాను. వెంటనే లేచి నిలబడి, చేతులు కట్టుకుని, గడగడా అప్పజెప్పాడు: ఆగాలి, ముట్టుకోకూడదు, అక్కడి నుంచి పరుగెత్తాలి, పెద్దవాళ్ళకు చెప్పాలి. పోలీసు అధికారి ఒకరు తరగతికి వచ్చి గద్ద బొమ్మ చూపించి నేర్పారట. ఒక్క తప్పు లేదు. "మరి ఎందుకు పట్టుకున్నావురా?" అంటే వాడు నిజంగా ఆశ్చర్యపోయి, "అది రోడ్డు మీద దొరికిన గన్ కాదు కదా అమ్మమ్మా, వాళ్ళ డాడీది కదా" అన్నాడు. పాఠం వచ్చు. ఆ పాఠం తన స్నేహితుడి నాన్న గారి సొరుగుకు కూడా వర్తిస్తుందని మాత్రం వాడికి తోచలేదు. 31 ఏళ్ళు పిల్లలతో ఎక్కాలు, వేమన పద్యాలు వల్లె వేయించిన దాన్ని, నోటికి వచ్చినదంతా చేతికి రాదని నాకు తెలియనిది కాదు. ఏడు తొమ్ముల అరవై మూడు అని పాడిన పిల్లవాడే అంగట్లో చిల్లర లెక్క తప్పుతాడు. అయినా చిల్లర తప్పితే మళ్ళీ లెక్కపెట్టుకోవచ్చు.

ఆ గద్ద బొమ్మ పాఠానికి ఈ దేశంలో పెద్ద చరిత్రే ఉంది. జాతీయ రైఫిల్ సంఘం, అంటే ఇక్కడ ఎన్ఆర్ఏ అంటారు, 1988లో ఫ్లోరిడాలో దాన్ని మొదలుపెట్టింది. 'ఎడ్డీ ఈగిల్' ఆ గద్ద పేరు. బాలవాడి వయసు నుంచి నాలుగో తరగతి దాకా పిల్లలకు ఆ నాలుగు మాటలే పాటగా, బొమ్మల కథగా నేర్పుతారు. తుపాకులు అమ్ముకునే వాళ్ళ వైపు సంఘం కనుక ఆ పాఠమే తప్పని కొందరు అంటారు. నేను ఆ మాట అనను. ఆ నాలుగు మాటలూ మంచివే. చిన్న పిల్లవాడికి అంతకన్నా తేలికగా చెప్పడం కష్టం. నా బాధ ఆ మాటల గురించి కాదు, అవి చెప్పేస్తే మన పని అయిపోయిందనుకోవడం గురించి.

మా అల్లుడు ఈ విషయంలో ఆచార్యులు, వైద్యులు చేసిన పరిశీలనలు వెతికి తెచ్చి నాకు చదివి వినిపించాడు. 2004లో నార్త్ డకోటా రాష్ట్ర విశ్వవిద్యాలయం వాళ్ళు నాలుగైదేళ్ళ పిల్లలకు ఈ పాఠాన్ని రెండు పద్ధతుల్లో నేర్పి చూశారు. ఒకటి గద్ద బొమ్మ పద్ధతి, రెండోది చేసి చూపించి, పిల్లలచేత చేయించే పద్ధతి. మాటలు అప్పజెప్పమంటే రెండు జట్లూ అప్పజెప్పాయి. చేసి చూపించమన్నప్పుడు రెండో జట్టు మేలనిపించుకుంది. కానీ చూసేవాళ్ళెవరూ లేరనుకున్న సమయంలో, పేలకుండా చేసిన తుపాకీ పిల్లల కంటపడేలా పెట్టినప్పుడు రెండు జట్ల పిల్లల్లోనూ చాలామంది నేర్చుకున్నది మరిచిపోయారు. వాళ్ళే చేసిన మరో పరిశీలనలో, తప్పిన పిల్లవాడి దగ్గరికి ఆ క్షణంలోనే పెద్దవాళ్ళు వెళ్ళి, అక్కడికక్కడ మళ్ళీ మళ్ళీ చేయించినప్పుడే పని జరిగింది.

అంతకు మూడేళ్ళ ముందు, 2001లో, అట్లాంటాలో ఎనిమిది నుంచి పన్నెండేళ్ళ మగపిల్లలను ఇద్దరు ముగ్గురుగా ఒక గదిలో ఉంచి అద్దం వెనక నుంచి గమనించారు. సొరుగులో ఉన్నది నిజమైన పిస్టలే, పేలకుండా చేసి పెట్టారు. మొత్తం 29 జట్లు. 21 జట్లకు అది దొరికింది. 16 జట్లు చేత్తో పట్టుకున్నాయి. 10 జట్లలో ఎవరో ఒకరు ట్రిగ్గర్ నొక్కారు. తుపాకీ దొరికిన పిల్లల్లో దాదాపు సగం మంది అది బొమ్మే అనుకున్నారు, లేదా నిజమో బొమ్మో తేల్చుకోలేకపోయారు. అన్నిటికన్నా నన్ను కలవరపెట్టింది ఏమిటంటే, పట్టుకున్న, నొక్కిన పిల్లల్లో నూటికి తొంభై మందికి పైగా అంతకుముందే ఏదో ఒక రకంగా తుపాకీ జాగ్రత్తలు విన్నవాళ్ళే. మా మనవడూ అలాంటివాడే.

అయితే చెప్పి ప్రయోజనం లేదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. 2023లో ఓహాయో రాష్ట్ర విశ్వవిద్యాలయం వాళ్ళు 226 మంది పిల్లలతో చేసిన పరీక్షలో, వారం ముందు ఒక్క నిమిషం పాటు తుపాకీ జాగ్రత్త చెప్పే వీడియో చూసిన పిల్లలు, కారు జాగ్రత్తల వీడియో చూసిన పిల్లలతో పోలిస్తే ఎంతో బాగా నడుచుకున్నారు. కారు వీడియో చూసిన వాళ్ళలో నూటికి 67 మంది తుపాకీని తాకితే, ఇది చూసిన వాళ్ళలో 39 మంది తాకారు. వెళ్ళి పెద్దవాళ్ళకు చెప్పినవాళ్ళు అక్కడ 11 మంది అయితే ఇక్కడ 34 మంది. ట్రిగ్గర్ నొక్కిన వాళ్ళు 30 నుంచి 9కి తగ్గారు. ఒక్క నిమిషం మాటకు ఇంత ఫలితం ఉంటుందంటే, పిల్లల మీద ఆశ వదులుకోవాల్సిన పని లేదని పాత ఉపాధ్యాయురాలిగా నాకు ధైర్యం వచ్చింది. కానీ ఆ 39 మందిని కూడా లెక్కలోకి తీసుకోవాలి. మన బడుల్లో నూటికి 61 మార్కులు ప్రథమ శ్రేణి. ఈ పరీక్షలో ఆ శ్రేణికి విలువ లేదు.

టెనెస్సీ రాష్ట్రం 2024లో చట్టం చేసి, 2025-26 విద్యా సంవత్సరం నుంచి ప్రభుత్వ బడుల్లో ఏటా ఈ పాఠం చెప్పడం తప్పనిసరి చేసింది. పాఠంలో నిజం తుపాకీ గానీ తూటాలు గానీ వాడకూడదని కూడా అందులోనే రాసింది. ఆర్కన్సా, యూటా రాష్ట్రాలు 2025లో అదే దారి పట్టాయి. సంతోషమే. బడి చెబుతుంది, ఇంటి దగ్గర సాధన మనం చేయించాలి.

మేం ఏం చేశామో చెబుతాను. మా అల్లుడు అచ్చం నిజం పిస్టల్‌లా కనిపించే ప్లాస్టిక్ నమూనా ఒకటి తెచ్చాడు. వాడికి చెప్పకుండా ఒకరోజు సోఫా దిండు పక్కన పెట్టి నేను వంటింట్లో నుంచి చూస్తున్నాను. వాడు వచ్చాడు, చూశాడు, చేత్తో తీసుకున్నాడు. కోప్పడకుండా వెళ్ళి, "ఇప్పుడు ఏం చేయాలి నాన్నా, చేసి చూపించు" అన్నాను. చేయించాను, అయిదుసార్లు. నాలుగు రోజుల తర్వాత బట్టలు ఆరేసే గదిలో పెట్టాను. ఈసారి ముట్టుకోలేదు గానీ, దాని మీదికి వంగి చూస్తూ అక్కడే నిలబడి "అమ్మమ్మా" అని కేకపెట్టాడు. పక్కన మరో పిల్లవాడు ఉండి ఉంటే ఆ కాసేపట్లో ఏమైనా కావచ్చు. అక్కడ నిలబడకూడదు, ముందు గదిలోంచి బయటికి రావాలి, నీ వెనక ఉన్న చెల్లిని కూడా చేయి పట్టుకుని తీసుకురావాలి అని మళ్ళీ చేయించాను. మూడోసారి, పదిహేను రోజుల తర్వాత, వాళ్ళ నాన్న బీరువా కింది అరలో. వాడు వెనక్కి తిరిగి పరుగెత్తుకుంటూ మేడ దిగి వచ్చి నా కొంగు పట్టుకున్నాడు. ఆ నిమిషంలో వాడి ముఖంలో ఉన్నది భయం కాదు, పని తెలిసినవాడి తొందర. నాకు కావలసింది అదే. ఇదంతా చేసేటప్పుడు "ఇది రోడ్డు మీదైనా, అంకుల్ సొరుగులోనైనా, సంచిలోనైనా, కారులోనైనా ఒకటే" అని ప్రతిసారీ చెప్పాను. నిజమా బొమ్మా అని తేల్చే పని నీది కాదని కూడా చెప్పాను. ఈ దేశంలో బొమ్మ తుపాకుల మూతికి నారింజ రంగు ఉండాలన్న నియమం ఉంది, నిజమే. కానీ నిజం తుపాకులు గులాబీ రంగులోనూ నీలం రంగులోనూ అమ్ముతున్న చోట రంగును చూసి పసివాడు ఏం తేల్చుకుంటాడు?

ఇక్కడ మన పెంపకం గురించి ఒక మాట అనక తప్పదు. పిల్లవాడు వచ్చి చేయకూడనిది చేశానని చెబితే మన నోటి నుంచి మొదట వచ్చేది "నిన్నెవరు అక్కడ చేయి పెట్టమన్నారు?" అన్న గద్దింపు, దాని వెంట వీపు మీద ఒక దెబ్బ. ఆ రాత్రి పెరుగన్నం దగ్గర నేను అదే చేసి ఉంటే, సొరుగు సంగతి, మందుబిళ్ళల సంగతి, రెండో పిల్లవాడి సంగతి నాకు తెలిసేవే కావు. 'పెద్దవాళ్ళకు చెప్పాలి' అన్న నాలుగో మాట పిల్లవాడు పాటించాలంటే, చెప్పినప్పుడు దెబ్బ పడదన్న నమ్మకం వాడికి ముందు ఉండాలి. నా చేతి కింద చదువుకున్న పిల్లలను తలుచుకుంటే ఈ విషయంలో నాకే సిగ్గు కలుగుతుంది.

ఇక పెద్దవాళ్ళ పని. పిల్లవాడికి ఎంత సాధన చేయించినా అది తాళానికి బదులు కాదు. అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం, సీడీసీ, 2023 డిసెంబరులో ఒక నివేదిక ఇచ్చింది. వివరాలు అందిన రాష్ట్రాల లెక్కల ప్రకారం 2003 నుంచి 2021 వరకు తుపాకీ పొరపాటున పేలి 18 ఏళ్ళ లోపు పిల్లలు 1,262 మంది చనిపోయారు. వాళ్ళలో నూటికి 29 మంది అయిదేళ్ళు, అంతకు లోపు వాళ్ళు. నూటికి 85 మరణాలు ఎవరో ఒకరి ఇంట్లోనే జరిగాయి. ఎక్కువసార్లు కారణం ఏమిటంటే, పిల్లలు దానితో ఆడుకుంటున్నారు, లేదా ఇంకొకరికి చూపిస్తున్నారు. తుపాకీని ఎలా ఉంచారో తెలిసిన కేసుల్లో ముప్పాతిక వంతు తూటాలతో ఉన్నవే, ముప్పాతిక వంతు తాళం లేనివే. అది ఎక్కడ దొరికిందని చూస్తే, అన్నిటికన్నా ఎక్కువగా మంచం పక్క బల్లలోనూ పడుకునే చోటా. ఆ మాట చదివి నేను మళ్ళీ ఆ కళ్ళద్దాల పెట్టెను, మందుబిళ్ళలను తలుచుకున్నాను.

"మా వాడికి అది ఎక్కడుందో తెలియదండీ" అంటారు తల్లిదండ్రులు. అలబామాలో తుపాకీ ఉన్న ఇళ్ళ తల్లిదండ్రులను, పిల్లలను విడివిడిగా అడిగి 2006లో ప్రచురించిన పరిశీలనలో, పిల్లలకు తెలియదని చెప్పిన పెద్దల్లో నూటికి 39 మంది చెప్పింది నిజం కాదని వాళ్ళ పిల్లల జవాబుల్లోనే తేలింది. ఇందులో వింతేముంది? అటక మీద దాచిన సున్నుండల డబ్బా మనకు దొరకలేదా? పోపుల పెట్టె అడుగున అమ్మ దాచిన చిల్లర ఎంతో మనకు తెలియదా? దాచడం వేరు, తాళం వేయడం వేరు. మూడు నాలుగేళ్ళ పిల్లల వేళ్ళకు అంత బలం ఉండదన్న ధీమా కూడా వద్దు. 1995లో వచ్చిన ఒక వైద్య పరిశీలన ప్రకారం ఆ వయసు వాళ్ళలో నలుగురిలో ఒకరు, అయిదారేళ్ళ వాళ్ళలో పదిమందిలో ఏడుగురు చాలా రకాల చేతి తుపాకుల ట్రిగ్గర్ నొక్కగలరు. మేగజీను, అంటే తూటాలు నింపే పెట్టె, తీసేశాం కాబట్టి తుపాకీ ఖాళీ అనుకోవడం మరో ప్రమాదం. మేగజీను బయటికి తీసినా గొట్టం వెనక గదిలో ఒక తూటా ఉండిపోవచ్చు. ఈ ముక్క మా అల్లుడికే తెలియదు, పోలీసు అధికారి చెప్పాక తెలిసింది.

అమెరికా శిశువైద్యుల సంఘం చెప్పేది సూటిగా ఉంది. పిల్లలున్న ఇంట్లో తుపాకీ లేకపోవడమే అన్నిటికన్నా క్షేమం. ఉంచుకుంటే తూటాలు తీసేసి తాళం వేయాలి, తూటాలను వేరే చోట వేరే తాళంలో పెట్టాలి. ఆ తాళంచెవి పిల్లలకు దొరికే దేవుడి గదిలోనో పోపుల డబ్బాలోనో ఉంటే వేసినా వేయనట్టే. తుపాకీ పేలకుండా చేసే తీగ తాళాలను 'ప్రాజెక్ట్ చైల్డ్‌సేఫ్' అనే కార్యక్రమం కింద చాలా ఊళ్ళ పోలీసు స్టేషన్లలో ఉచితంగా ఇస్తారు. టెక్సస్‌లో 1995 నుంచి చట్టం కూడా ఉంది. పేల్చడానికి సిద్ధంగా ఉన్న తుపాకీ, పెద్దల నిర్లక్ష్యం వల్ల 17 ఏళ్ళ లోపు వాళ్ళ చేతికి చిక్కితే అది నేరం. దానివల్ల ప్రాణం పోయినా తీవ్రమైన గాయమైనా ఏడాది దాకా జైలు శిక్ష పడవచ్చు. ఆ సంగతి తుపాకులు అమ్మే దుకాణంలో బోర్డు మీద రాసి పెట్టాలి. చట్టం వచ్చి శిక్షించేది అంతా అయిపోయాక కదా. అందుకే నేను చట్టం గురించి ఎక్కువ చెప్పను.

మనవాళ్ళ ఇళ్ళలోకి తుపాకీ ఎలా వచ్చిందో కూడా చెప్పాలి. వీసా మీద ఉన్నంతకాలం, వేట లైసెన్సు వంటి మినహాయింపులు తప్పిస్తే, తుపాకీ కొనడానికి ఇక్కడ వీల్లేదు. గ్రీన్‌కార్డో పౌరసత్వమో వచ్చాక ఆ అడ్డు తొలగిపోతుంది. 2023 మే 6న మాకు దగ్గరలోనే ఉన్న ఆలెన్ ఊళ్ళో దుకాణ సముదాయంలో కాల్పులు జరిగి ఎనిమిది మంది చనిపోయారు, వాళ్ళలో మన తెలుగు అమ్మాయి ఒకరు. అంతకు ఏడాది ముందే ఇదే రాష్ట్రంలో యువాల్డే బడిలో 19 మంది పిల్లలు, ఇద్దరు ఉపాధ్యాయులు బలయ్యారు. ఆ రోజుల్లో మా విందుల్లో మగవాళ్ళ మాటలన్నీ ఒక తుపాకీ కొనాలా వద్దా అన్న దాని చుట్టూనే తిరిగేవి. నేను చెప్పిన ఆ కుటుంబం కూడా ఆలెన్ ఘటన తర్వాతే కొన్నదట. పిల్లలను కాపాడుకోవాలనే భయంతోనే కొన్నారు. ఆ భయాన్ని నేను తప్పుపట్టలేను. తెల్లవాళ్ళ ఇళ్ళలోనే ఉంటాయి, మనవాళ్ళ ఇంట్లో ఎందుకు ఉంటుందన్న నమ్మకం మాత్రం మనం వదులుకోవాలి.

అన్నిటికన్నా కష్టమైన పని అడగడం. ఆ ఆదివారం తర్వాత ఆ ఇంటికి ఫోను చేయడానికి మా వాళ్ళకు మూడు రోజులు పట్టింది. "వాళ్ళేమనుకుంటారో, పిల్లవాణ్ణి పంపిన ఇంటిని అనుమానించినట్టు ఉంటుందేమో, పిల్లవాడి మాట పట్టుకుని ఎలా అడగడం" అని మా అమ్మాయి. మనకు మొహమాటం ఎక్కువ. విస్తరి ముందు కూర్చుని ఉప్పు అడగడానికి కూడా సంకోచించే జాతి మనది. చివరికి మా అల్లుడే చేశాడు. నింద ఏమీ వేయకుండా, "అన్నా, పిల్లలిద్దరూ సొరుగు తీశారట, మీకు తెలియాలని చెబుతున్నా" అన్నాడు. అవతల చాలాసేపు మాట లేదట. తర్వాత, "మా వాడికి అది అక్కడుందని తెలియదనుకున్నాం" అన్నాడట ఆయన. ఆ వారంలోనే వేలిముద్రతో తెరుచుకునే ఇనప్పెట్టె కొన్నారు. స్నేహం ఏమీ చెడలేదు. ఆవిడ ఇప్పటికీ గోంగూర పంపిస్తుంది.

ఇక్కడి శిశువైద్యులు ఏటా జూన్ 21న, అంటే వేసవి సెలవుల్లో పిల్లలు ఒకరి ఇంటికి ఒకరు వెళ్ళడం మొదలయ్యే సమయంలో, ఈ ప్రశ్న అడగమని గుర్తు చేస్తారు. "మీ ఇంట్లో తుపాకీ ఉందా? ఉంటే తాళంలో ఉందా?" అంతే ప్రశ్న. మా అమ్మాయి ఇప్పుడు దీన్ని వేరుశనగ పడకపోవడం, ఈత కొలను గేటు, కుక్క ఇవన్నీ అడిగే వరసలోనే కలిపి అడుగుతుంది. ముందుగా "మా ఇంట్లో లేదు, మీకు తెలియాలి కదా" అని తన సంగతి చెప్పి అడుగుతుంది. ఇంతవరకు నొచ్చుకున్నవాళ్ళు ఒక్కరూ లేరు.

కౌమారంలో ఉన్న పిల్లల సంగతి వేరు. అక్కడ పాఠం కన్నా తాళమే ముఖ్యం. ఆ వయసు వాళ్ళలో పొరపాటున పేలిన తుపాకీ కన్నా, మనసు విరిగిన రాత్రి చేతికి అందిన తుపాకీ ఎక్కువ ప్రాణాలు తీస్తోంది. తూటాలు తీసేసి, తాళం వేసి, తూటాలను వేరుగా దాచిన ఇళ్ళలో ఆ ప్రమాదం తక్కువని 2005లోనే పరిశోధకులు చూపించారు. పిల్లవాడు ముభావంగా ఉంటే, ఆ కాలానికైనా తుపాకీని ఇంటి నుంచి పంపించేయండి. ఇక్కడ 988కి ఫోను చేస్తే ఏ వేళైనా మాట్లాడేవాళ్ళు ఉంటారు.

మీ పాఠకుల్లో పిల్లల దగ్గరికి బయల్దేరే పెద్దవాళ్ళకు ఒక విన్నపం. ఆవకాయ జాడీ, పచ్చళ్ళు, మందులు సర్దుకునేటప్పుడే కొడుకునో కోడలినో, కూతురినో అల్లుడినో ఫోనులో ఒక మాట అడగండి: ఇంట్లో తుపాకీ ఉందా అని. పగలంతా మనవలతో ఇంట్లో ఉండేది మీరు. బీరువాలు సర్దేది, పరుపులు దులిపేది, సొరుగులో కత్తెర వెతికేది మీరు. మీకు చెప్పకుండా ఉండటం వాళ్ళ దురుద్దేశం కాదు, అమ్మ కంగారు పడుతుందని చెప్పరు. ఉందని తెలిస్తే తాళం వేయించే దాకా ఊరుకోకండి. ఒకవేళ సర్దుతుంటే కంటపడితే మీరూ పిల్లవాడు చేయాల్సిందే చేయండి. ముట్టుకోకండి, తీసి ఎక్కువ ఎత్తులో పెడదామని చూడకండి. పిల్లలను బయటికి తీసుకొచ్చి, ఆ గది తలుపు మూసి, కొడుక్కో కూతురికో ఫోను చేయండి.

తానా, ఆటా, నాట్స్ వంటి మన సంఘాల మహాసభలకు వేలమంది కుటుంబాలతో వస్తారు. అక్కడ చీరల దుకాణాల మధ్య ఒక బల్ల వేసి, స్థానిక పోలీసులను పిలిచి తీగ తాళాలు పంచిపెట్టించడం, ఒక శిశువైద్యుడిచేత తెలుగులో అరగంట మాట్లాడించడం వాళ్ళకు పెద్ద ఖర్చు కాదు. వారాంతాల్లో తెలుగు నేర్పే తరగతుల్లో ఆ నాలుగు మాటలు తెలుగులో కూడా చెప్పించవచ్చు: ఆగు, ముట్టుకోకు, పరుగెత్తు, పెద్దవాళ్ళకు చెప్పు. మా పిల్లలకు నేను శనివారం చెప్పే అక్షరాల పాఠంలో 'ప'కు 'పరుగు' అని రాయించడం మొదలుపెట్టాను. రాయించాక గదిలో నుంచి నిజంగానే పరుగెత్తిస్తాను.

మీ ఆదివారం అనుబంధంలో ప్రవాసుల పేజీకి స్థలం ఉంటే, వేసవి సెలవులకు ముందు, మే నెలలో, ఈ ఉత్తరంలోని ఆ ఒక్క ప్రశ్ననైనా పెద్ద అక్షరాల్లో వేయమని కోరుతున్నాను. అప్పటికే మన ఊళ్ళ నుంచి విమానాలు ఎక్కే పెద్దవాళ్ళు టిక్కెట్లు కొనుక్కుని ఉంటారు.

ఇట్లు,
విశ్రాంత ఉపాధ్యాయురాలు,
డల్లాస్ సమీపం, టెక్సస్ నుంచి